పాపకు స్టోన్ డస్టింగు

మా మామగారు పాపకు పౌడరు వేసేటప్పుడు నేను గదిలో ఉండలేను, అలాగని బయటికీ పోలేను. గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబడతాను. నేను బిగబట్టినంత మాత్రాన పాప ఊపిరి పీల్చడం మానదని తెలుసు. అయినా ఏదో ఒకటి బిగబట్టకపోతే నాకు తోచదు.

ఆయన రిటైరయ్యే దాకా భూమి లోపలి బొగ్గు గనిలో, మా వైపు మాటలో బావిలో, పనిచేశారు. చివరి ఏళ్లలో ఆయన పని స్టోన్ డస్టింగు, అంటే బావి లోపలి దారులకు కింద, పక్కల, పైన సున్నపురాయి పొడి చల్లడం. బొగ్గు దుమ్ము ఉత్త మసి కాదు. గాలిలోకి లేచి ఉన్నప్పుడు నిప్పు తగిలిందంటే మందుగుండులా అంటుకుంటుంది. దాని మీద రాతిపొడి పరిచి ఉంచితే రెండూ కలిసి లేస్తాయి, రాతిపొడి ఆ మంటను ముందుకు సాగనివ్వదు. అందుకని బావిలో నలుపు కనబడితే భయం, తెలుపు కనబడితే ధైర్యం. అధికారి దిగి లైటు కొట్టి చూస్తే దారి మొత్తం తెల్లగా మెరవాలి.

ఆ నమ్మకం ఆయనతో పాటు రిటైరు కాలేదు.

పొద్దున అత్త పాపను కాళ్ల మీద వేసుకొని నలుగు పెట్టి, నీళ్లు పోసి, తుడిచి, తువ్వాలలో చుట్టి ఆయన చేతికి అందిస్తుంది. ఆయన పాపను మంచం మీద పడుకోబెట్టి పౌడరు డబ్బా అందుకుంటారు. పాప వీపు కింద ఒకసారి చల్లి, "ఫ్లోర్ అయింది" అంటారు. అటూ ఇటూ చల్లి, "సైడ్లు అయినయి" అంటారు. తర్వాత డబ్బా ముఖం మీదికి లేస్తుంది.

"ఇగ రూఫ్."

"మామా, ముఖానికి వద్దు."

"రూఫ్ ఇడిసిపెడితె ఎట్ల బిడ్డా? నిప్పు రూఫ్ పట్టుకునే ఉరుకుతది."

నా బిడ్డ ముఖం మీద నిప్పు ఎందుకు ఉరుకుతుందో అడిగే లోపు పాప మాయమై, దాని స్థానంలో రెండు నల్లని కళ్లున్న సున్నపు బొమ్మ ఒకటి తుమ్ముతూ ఉంటుంది. మామగారు ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, దారిని తనిఖీ చేసినట్టు చూసుకొని, "ఇప్పుడు మంచిగున్నది" అంటారు.

"పొడి ముక్కులకు పోతది మామా. ఊపిరి ఆడదు."

"ఏమయితది? నీ మొగన్ని గూడ గిట్లనే పెంచిన. ఏమైంది వానికి?"

బావిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి, నోరు తెరుచుకొని గురక పెడుతూ పక్క గదిలో పడుకున్న నా మొగుడి వైపు చూస్తాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ల ముందు చెప్పే రకం ఒక్కటీ లేదు.

నా భయానికి కారణం ఉంది. పాప నెలలు నిండకముందే పుట్టింది. కొన్నాళ్లు దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతూ, ప్రతి ఊపిరినీ ఎక్కడినుంచో మోసుకొస్తున్నట్టు ఉండేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: "దుమ్ము, పొగ, పౌడర్, మూడూ దూరం." తను దుమ్ము, పొగ దాకా విన్నానని, పౌడర్ అన్నప్పుడు మందుల చీటీ చదువుతున్నానని మా ఆయన ఇప్పటికీ ఒట్టేస్తాడు.

ఎక్కువ చదివితే ఇంకో కష్టం ఉంది. మిగతా తల్లులు భయపడితే భయపడి ఊరుకుంటారు. నేను బొమ్మ గీసి మరీ భయపడతాను. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు పాలిమర్ల మీద, అంటే ప్లాస్టిక్, రబ్బరు లాంటి వాటి పైపొరల మీద. పలకల మీద నీటిబొట్టు వేసి, అది గుండ్రంగా నిలబడిందా, చదునుగా పరుచుకుందా అని చూడటం. నిలబడితే ఆ పలకకు నీళ్లంటే గిట్టదు. పరుచుకుంటే గిట్టుతుంది. సంవత్సరమంతా అదే పని. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా నాన్న, "దీనికోసమా హాస్టల్ ఫీజు?" అన్నాడు. ఇప్పుడు ఆ చదువు పాప కింద వేసే రబ్బరు షీటు మీద పనికొస్తోంది. దాని మీద పాప పోసిన ఉచ్చ ముత్యాల్లా నిలబడితే షీటు కొత్తది. చదునుగా పారితే మార్చాలి.

అదే ప్రాజెక్టులో ఇంకో భాగం ఉండేది. కోడిగుడ్డు పచ్చసొనలో ఒక రకం కొవ్వు ఉంటుంది. దాని ప్రతి అణువుకూ నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే పారిపోయే తోక ఒకటి. దాన్ని కొంచెం నీటి మీద వదిలితే ఎవరూ చెప్పకుండానే తలలు నీళ్లలోకి, తోకలు గాలిలోకి పెట్టి వరుస కడుతుంది. నేసేవాళ్లు లేరు, అచ్చు పోసేవాళ్లు లేరు, తనంతట తానే పొరవుతుంది. బడి ప్రార్థనలో పిల్లలను అంత వరుసగా నిలబెట్టిన డ్రిల్ మాస్టారును నేను చూడలేదు. మొదటిసారి ఆ పొర తయారైనప్పుడు ల్యాబులో చప్పట్లు కొట్టాను. పొర కనబడదు కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

సరిగ్గా అలాంటి పొరే మన ఊపిరితిత్తుల్లో ఉంటుంది. గాలి నిండే చిన్న చిన్న గదుల గోడలు లోపల తడిగా ఉంటాయి. తడికి తనను తాను దగ్గరికి గుంజుకునే గుణం ఉంది. తడిసిన ప్లాస్టిక్ కవరు రెండు వైపులా అతుక్కుపోయి, నోరు తెరవడానికి మనల్ని ఎంత ఏడిపిస్తుందో చూడండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గదులు అలా అతుక్కుపోకుండా కాపాడేది ఆ కొవ్వు పొర. కడుపులో ఉన్నప్పుడు చివరి వారాల్లో బిడ్డ ఒళ్లు దాన్ని తయారుచేసుకుంటుంది. ఆ వారాలు పూర్తికాకుండానే మా పాప బయటికి వచ్చేసింది.

ఇప్పుడు పాప ఒళ్లు చేసింది, డాక్టరమ్మ కూడా పరవాలేదంది. కానీ నేను ల్యాబులో ఆ పొర పక్కన గట్టిగా మాట్లాడటానికి కూడా జంకినదాన్ని. మామగారు దాని మీద డబ్బా బోర్లిస్తుంటే నాకెట్లా ఉంటుంది?

ముందు దొంగదారి పట్టాను. పౌడరు డబ్బా మూత మీది రంధ్రాలకు పైనుంచి పారదర్శకమైన టేపు అంటించాను. పాలిమర్ చదివిన ఆడదానికి ఆ మాత్రం టేపు మీద నమ్మకం ఉంటుంది. మర్నాడు మామగారు డబ్బా ఊపారు. రాలేదు. తలకిందులు చేసి ఊపారు. రాలేదు.

"తడి పట్టింది," అన్నారు. "గడ్డ కట్టింది. బాయిల బస్తాలు గిట్లనే కడుతుండె."

"అయితే పారేద్దామా మామా?"

"పారేసుడేంది? గడ్డ కడితె కొట్టాలె."

అదృష్టం కొద్దీ పాప అప్పటికి ముందుగదిలో అత్త ఒళ్లో ఉంది. మామగారు డబ్బాను గోడకేసి ఒక్కటిచ్చారు. టేపు నా నమ్మకాన్ని నిలబెట్టింది, ఊడలేదు. మూత మొత్తం ఊడింది. పైన ఫ్యాను తిరుగుతోంది. క్షణంలో గది కనబడలేదు. కొంచెం తెరిపిచ్చాక మధ్యలో మామగారు తెల్లని కనుబొమ్మలతో నిలబడి ఉన్నారు. చేతిలో ఖాళీ డబ్బా.

అత్త గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏమయ్యా, రూఫ్ కూలిందా?"

ఆయనకు అవమానమేమీ లేదు. పైగా ముఖం వెలిగిపోతోంది. "సూడు బిడ్డా, ఎట్ల లేస్తున్నదో! గడ్డ గట్టనే లేదు. అసలు మాల్ అంటె గిది. ఊదితె గాలిల లేవాలె, నిలవడాలె. లేవకపోతె అది స్టోన్ డస్టే కాదు."

నేను చీపురు పట్టుకొని గదంతా ఊడ్చాను. సాయంత్రం ఆయన చౌరస్తాకు పోయి కొత్త డబ్బా తెచ్చారు. ఇది పాతదానికంటే పెద్దది. దాంతో పాటు ఇంకోటి ఫ్రీ అట.

ఇక దొంగదారి కాదు, శాస్త్రం మార్గమే మేలనుకున్నాను. మర్నాడు అత్తామామలిద్దరినీ వంటింట్లోకి పిలిచి, వెడల్పు స్టీలు పళ్లెంలో నీళ్లు పోశాను. నీళ్ల మీద పౌడరు చల్లాను. మునగకుండా తెల్లటి దుప్పటిలా పరుచుకుంది.

"చూడుండ్రి. నీళ్ల పైన కూడా ఒక బిగువు ఉంటది. దానిమీదనే గీ పొడి నిలవడ్డది. ఇప్పుడు చూడుండ్రి."

పళ్లెం మధ్యలో వేలు పెట్టాను. ఆ వేలికి ముందే గిన్నెలు తోమే సబ్బు కొంచెం రాసుకున్నాను. తాకీ తాకగానే పౌడరు దుప్పటి పటుక్కున చినిగి, నాలుగు దిక్కులా పారిపోయి పళ్లెం అంచులకు కరుచుకుంది. మధ్యలో తేటగా, ఖాళీగా నీళ్లు.

సబ్బు అణువులకూ తలలు, తోకలు ఉంటాయని, పాప ఊపిరితిత్తుల్లోని పొర కూడా ఇలా నీటి బిగువును తగ్గించే పనే చేస్తుందని, దాని మీదికి పరాయి పొడి పోకూడదని చెప్పాలని నోరు తెరిచాను. అత్త నాకంటే ముందు తెరిచింది.

"అవ్వో! దిష్టి!"

"ఏంది అత్తమ్మా?"

"తల్లి చెయ్యి తాకంగనే ఎట్ల ఉరికింది సూసినవా? గా పౌడర్ల దిష్టి ఉన్నది. చౌరస్తల ఎవలెవలి కండ్లు పడ్డయో! ఇగ గది పోరికి పెట్టేది లేదు. పెట్టేది లేనే లేదు!"

మామగారు ఏదో అనబోయారు. అత్త ఒక చూపు చూసింది. ఆయన డబ్బా కిందపెట్టారు.

అప్పుడు నేను చెప్పాలి. అది దిష్టి కాదు, సబ్బు అని. రెండు సెకన్ల పని. వేలు కొంగుకు తుడుచుకున్నాను. తల మెల్లగా ఊపాను. అవును కాదు అన్నట్టు కాక, అయ్యో అన్నట్టు ఊపాను. ఎమ్మెస్సీ పట్టా ఎక్కడో బీరువాలో సిగ్గుతో దొర్లి ఉంటుంది. పాప ముక్కు మాత్రం ఖాళీగా ఉంది. నాకు కావలసింది అదే.

కానీ దిష్టి ఉందని తేలాక దాన్ని తీయకుండా ఏ అత్త ఊరుకుంటుంది? ఆ మాట నాకు తట్టలేదు. ల్యాబులో ప్రయోగం చేసేవాళ్లు ఫలితం దాకానే ఆలోచిస్తారు.

మధ్యాహ్నం నేను పాలసీసా ఉడకబెడుతున్నాను. అత్త పెరట్లోని బొగ్గు పొయ్యిలోంచి నిప్పులు ఒక మట్టి మూకుట్లోకి తీసుకొని లోపలికి వచ్చింది. రెండో చేతిలో గళ్లుప్పు, ఎండుమిరపకాయలు. పాప చుట్టూ తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ మొత్తం నిప్పుల్లో పోసింది. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం చేసే బ్లాస్టింగు దుమ్ము రాకుండా కిటికీలు నేనే మూసి ఉంచాను.

మా వైపు లెక్క ఒకటుంది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. ఆ రోజు వచ్చిన ఘాటు చూస్తే మా మూడు తరాల్లో ఎవరికీ దిష్టి తగిలి ఉండదు. నాకు కళ్లు కనబడలేదు. గొంతులో ఎవరో గీరుతున్నట్టుంది. అత్త దగ్గుతూనే సంతోషంగా అరిచింది.

"దిష్టి లేదు బిడ్డా! లేనే లేదు! ఇగ పౌడర్... ఖళ్ళ్... పౌడర్ ఏసుకోవచ్చు!"

పాప దగ్గింది. ఒకసారి, వెంటనే ఇంకోసారి. తర్వాత చప్పుడు ఆగిపోయింది. నేను మంచం ఎటుందో తడుముకుంటున్నాను. చేతికి దుప్పటి తగిలింది, పాప తగల్లేదు.

"బయటికి! అందరు బయటికి! గాలొచ్చే దిక్కుకు!"

మామగారి గొంతు. ఇంట్లో ఆయన అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన అప్పటికే పాపను తువ్వాలలో చుట్టి, ముఖం తన భుజానికి ఆనించుకొని, నడుం వంచి, నేలకు దగ్గరగా పరుగెత్తి వరండా దాటారు. వాకిట్లో వేపచెట్టు కింద ఆగి, మునివేళ్లతో కొంచెం మట్టి తీసి గాలిలో వదిలి, అది ఎటు పోతోందో చూసి, దానికి ఎదురువైపు తిరిగి నిలబడ్డారు.

నేను చేరేసరికి పాప నోరు తెరిచి ఉంది, ఏడుపు రావడం లేదు. పక్కటెముకలకేసి చూశాను. ఒక గుంట పడింది. లేచింది. మళ్లీ పడింది. అప్పుడు ఏడ్చింది. కాలనీ మొత్తానికి వినబడేటట్టు, మా మీద కేసు పెడుతున్నట్టు ఏడ్చింది. అంత పెద్ద ఏడుపుకు ఎంత గాలి కావాలో నాకు తెలుసు. వాకిట్లోనే కూర్చున్నాను.

మామగారు పాప వీపు నిమురుతూ ఇంటి వైపు తిరిగి తిట్టారు. "ఇల్లా, బట్టీనా? పోరి ఉన్న కాడ పొగ పెడతరా ఎవలన్న?"

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వు రోజు పొడి కొడితె ఏం గాలేదు, నేనొక్కపాలి పొగ పెడితెనే తప్పయిందా?"

"పొడి ఏరు, పొగ ఏరు!"

నాకు ఇంకో అవకాశం రాదని తెలుసు. కిందనే కూర్చొని అడిగాను.

"మామా, బాయిల పొడి కొట్టేటప్పుడు మూతికి ఏం కట్టుకుంటుంటిరి?"

"తువ్వాల. తడిపి కట్టుకుంటుంటి."

"ఎటు దిక్కు నిలవడుతుంటిరి?"

"గాలికి ఎగువన. దిగువ దిక్కు నిలవడితె పొడంత మనకే..."

ఆయన పాప ముఖం వైపు చూశారు. పాప ఏడుపు తగ్గి వెక్కిళ్లలో పడింది. చిన్న ముక్కు, శనగగింజంత. పొద్దుటి నలుగు పిండి ఇంకా ఒక పక్కన అంటి ఉంది. ఆయన చిటికెన వేలి గోరుతో దాన్ని మెల్లగా తీశారు.

"గీమెకు తువ్వాల లేకపాయె," అన్నారు. పాపను సరిగ్గా ఎత్తుకుంటూ, "పండుకున్నామె ఎగువకు ఎట్ల పోతది?"

అత్త అనకుండా ఉండలేకపోయింది. "గది నేను చెప్తనే ఉన్న."

"నువ్వు ఎప్పుడు చెప్పినవే?"

"ఇప్పుడు!"

అప్పుడు చెప్పాను, పొర సంగతి. పుట్టినప్పుడు అది సరిగా లేని సంగతి, డాక్టరమ్మ మాట. చివర ఆయన ఒకటే అడిగారు: "గా పొర ఇప్పుడున్నదా?" ఉందన్నాను. "మల్ల ఎందుకు ఏడుస్తున్నవ్?" అన్నారు. నేను ఏడుస్తున్నట్టు అప్పుడే తెలిసింది. మిరపకాయలు మామా అన్నాను. సబ్బు సంగతి చెప్పలేదు. అది ఇప్పటికీ చెప్పలేదు, పాప నిద్రపోయాక ఇక్కడ రాసుకోవడం తప్ప.

గెలిచాననే అనుకున్నాను. పౌడరు డబ్బాలు రెండూ క్యారమ్ బోర్డున్న క్లబ్బుకు పోయాయి. కానీ మా మామగారు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. మర్నాటి నుంచి మా క్వార్టర్‌కు గాలి చూసే ఆఫీసరు ఆయనే. పొద్దున లేవగానే వరండాలో ఒక దారం వేలాడదీసి, గాలి ఎటునుంచి వీస్తుందో చూసి, పాప ఉయ్యాలను అటు జరుపుతారు. అగరుబత్తి బంద్. దోమల చుట్ట బంద్, ఇక దోమతెర. డ్యూటీ నుంచి వచ్చిన కొడుకును గేటు దగ్గరే ఆపి, "బట్టలు దులుపుడు ఆడ, కడుగుడు ఈడ, పోరిని ముట్టుడు తానం అయినంక" అని పెరటి దారి చూపిస్తారు. మా ఆయన నా వైపు చూస్తాడు. నేను ఆకాశం వైపు చూస్తాను.

ఆ తర్వాత ఆయన వంటింట్లోకి వచ్చారు. నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. నూనె కాగింది, ఎండుమిర్చి చేతిలో ఉంది.

"బిడ్డా, గదేంది?"

"తాలింపు మామా."

"పొగ రాదా?"

"...కొంచెం వస్తది."

"కొంచెం అంటె?"

పొగకు కొలత అడిగితే నేనేం చెప్తాను? స్టవ్ ఆయనే ఆపారు. అత్త వెనకనుంచి కిసుక్కున నవ్వింది. పాపకు దిష్టి తీయడం మాన్పించినందుకు అది ఆమె వసూలు చేసుకున్న వడ్డీ.

తాలింపు లేని పప్పు ఎన్ని పూటలని తింటాం? మూకుడు, నూనె, పోపుల డబ్బా, పప్పుగిన్నె అన్నీ పళ్లెంలో పెట్టుకొని పక్క క్వార్టర్ అక్క దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. మాకు చుట్టం కాకపోయినా మా ఇంటి సంగతులన్నిటికీ హక్కుదారు. పొయ్యి వెలిగిస్తూనే నవ్వుతుంది.

"మీ మామ డ్యూటీ దిగినంక అసలు డ్యూటీ ఎక్కిండు. నువ్వే గదా నేర్పినవ్?"

"అక్కా, ఊకో."

"రేపు పొద్దుగాల నిన్ను గూడ ఊపిరి ఇడువొద్దంటడు చూడు."

ఇవాళ సాయంత్రం చుయ్యిమంటున్న గిన్నెకు మూతపెట్టి, కొంగు కప్పి, ఏమీ ఎరగనట్టు మా గేటు తెరిచాను. మామగారు వరండాలో ఉన్నారు. భుజం మీద పాప మెలకువగా ఉంది, ఆయన చెవి పట్టుకొని గుంజుతోంది. ఆయన ముక్కు ఒక్కసారి కదిలింది. చెయ్యెత్తారు.

"ఆగు. కొంగుల ఏంది?"

"పప్పు మామా."

"తాలింపు ఏసినవా?"

"అక్కోళ్లింట్ల ఏసిన."

"పొగ ఆరిందా?"

నేను మూత ఎత్తి చూశాను. వెల్లుల్లి ఇంకా ఒకటి రెండు బుడగలు విడుస్తోంది. అబద్ధం చెప్పడానికి వీల్లేదు, పాప అక్కడే ఉంది. మామగారు దారం వైపు చూసి, పాపను ఇంకో భుజానికి మార్చి, వేలితో ప్రహరీ మూల చూపించారు. లోపల అత్త కంచాలు పెడుతున్న చప్పుడు. ఆకలి దంచుతోంది. నేను పప్పుగిన్నె పట్టుకొని పోయి, గాలికి దిగువన నిలబడ్డాను.